కనుమ మీద ఊలు దారాలు

ఆవిడ అసలు పేరు జీతాల పట్టీలో తప్ప ఆఫీసులో ఇంకెక్కడా వినపడేది కాదు. అందరికీ భూతద్దం మేడమ్. మడిచి మూసుకునే చిన్న భూతద్దం ఒకటి నల్లతాడుకు కట్టి ఎప్పుడూ మెడలో వేసుకునేది. వంటింట్లో కూడా తీసేది కాదు. "మా పెద్దకోడలు బియ్యంలో రాళ్ళు కూడా దాంతోనే ఏరుతుంది" అని అత్తగారు పక్కింటివాళ్ళతో చెప్పి నవ్వేది. అందులో అబద్ధమేమీ లేదు.

ఆఫీసంటే కొండ మీది ఊళ్ళో, బస్టాండు దాటాక ఉండే రెండంతస్తుల రాతి భవనం. లోపలంతా ఇనప బీరువాలు. తలుపు తెరిస్తే నాఫ్తలీన్ ఉండల వాసన గుప్పుమనేది. అరల నిండా దళసరి కాగితాలు, ఒక్కో కాగితం మీద ఎండబెట్టి కుట్టిన ఒక మొక్క, కింద మూలన దాని పేరున్న చీటీ. కొండల మీద తిరిగేవాళ్ళు తెచ్చిన మొక్క ఏ జాతిదో తేల్చి ఆ చీటీ రాయడమే ఆవిడ పని. అన్ని మొక్కలూ చూసేది గానీ, ప్రిమ్యులాలు మాత్రం పూర్తిగా ఆవిడవే. చెట్లు కూడా మొలవనంత ఎత్తున, కరుగుతున్న మంచు అంచున, నేల మీద ఆకులు పరిచి, మధ్యలో ఒక కాడ లేపి, దాని కొసన ఊదారంగు గుత్తి పూసే చిన్న మొక్కలవి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, పేరు చెప్పబోతే ఏడిపిస్తాయి. ఒకే జాతి మొక్క ఒకచోట బెత్తెడు, ఇంకోచోట మూరెడు. ఒకదాని ఆకు అడుగున పిండి చల్లినట్టు తెల్లటి పొడి ఉంటుంది, పక్కదానికి ఉండదు. ఒక మొక్క పూలలో పుప్పొడిని అందుకునే కీలం పైకి కనబడుతుంది, ఇంకో మొక్క పూలలో పుప్పొడినిచ్చే కేసరాలు పైకొచ్చి కీలం లోపల దాక్కుంటుంది. కొత్తగా చేరినవాళ్ళు ఈ చివరిది చూసి రెండు జాతులని రాసుకొస్తే ఆవిడ పకపకా నవ్వేది.

"అన్నదమ్ములకి ముక్కులు వేరుగా ఉన్నాయని ఇంటిపేర్లు మార్చేస్తామా?" అనేది.

ఆవిడ ఆ భవనంలో తలెత్తుకు తిరగడానికి ఒక మొక్క కారణం. ఊరి పైన కనుమ మీద, అందరూ ఒకే జాతి అనుకుంటున్న ప్రిమ్యులాల్లో నిజానికి రెండు జాతులు కలిసిపోయి ఉన్నాయని ఆవిడ పడుచు వయసులోనే రాసింది. ఒకటి పాతదే, పొట్టిది. చిన్న ఆకు, పొట్టి కాడ, ఆకు అడుగున తెల్లపొడి. రెండోది పొడుగుది. బారుగా సాగిన ఆకులు, ఎత్తైన కాడ, పొడి ఊసే లేదు. రెండూ పక్కపక్కనే పెరుగుతూ కూడా ఒకదాన్లో ఒకటి కలవడం లేదన్నది ఆవిడ వాదనకు అసలు బలం. పెద్దవాళ్ళు ఒప్పుకున్నారు. పుస్తకాల్లోకి ఎక్కింది. జాతిని మొదట గుర్తించి పేరు పెట్టినవాళ్ళ పేరు ఆ జాతి పేరు వెనకే రాయడం మొక్కల శాస్త్రంలో పద్ధతి. అలా పొడుగు ప్రిమ్యులాకు ఆవిడ పేరు ఇంటిపేరులా అతుక్కుంది. ఆ పేరున్న పేజీ ఆవిడ బల్ల అద్దం కింద పరిచి ఉండేది. టీ గ్లాసు పొరపాటున కూడా దాని మీద పెట్టనిచ్చేది కాదు.

ఆవిడ భర్త కనుమ దారిలో బస్సు నడిపేవాడు. మరిది పటాలు గీసే ఉద్యోగి. మరిదికి సంబంధాలు చూస్తున్నప్పుడు, మొక్కల శాస్త్రం చదివిన అమ్మాయి అనగానే ఎగిరి గంతేసింది ఆవిడే. పెళ్ళయ్యాక ఆఫీసులో ఖాళీ వస్తే, "మా చెల్లెలు లాంటిది సార్, నాదీ పూచీ" అని పెద్దసారు గదికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది కూడా ఆవిడే. ఆ రోజు తన కాలు బెణికి ఇంట్లో పడి ఉన్నా బాగుండేదని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఇద్దరూ ఒకే గొడుగులో ఆఫీసుకు వెళ్ళేవాళ్ళు. చిన్నకోడలు "అక్కా, అక్కా" అంటూ కొంగు పట్టుకు తిరిగేది. తేడా ఎక్కడ మొదలైందో ఆవిడే చెప్పలేకపోయింది. బహుశా కిటికీ దగ్గర. ఆవిడ బల్ల గోడవైపు ఉండేది. ఎండ పడే కిటికీ పక్క బల్ల ఖాళీ అయినప్పుడు పెద్దసారు దాన్ని చిన్నకోడలికి ఇచ్చాడు. "కొత్తమ్మాయి కదా, చలికి తట్టుకోలేదు" అన్నాడు. ఆ గోడ పక్కన ఏళ్ళ తరబడి కూర్చున్న తనకు చలి వేస్తుందని ఎవరికీ ఎందుకు తోచలేదా అని భూతద్దం మేడమ్ ఆ రోజంతా ఆలోచించింది.

ఇక అక్కణ్ణుంచి ప్రతిదీ కంట్లో నలుసే. శిక్షణకు వచ్చిన పిల్లలు ముందు ఆవిడ బల్ల చుట్టూ చేరేవాళ్ళు, ఇప్పుడు కిటికీ దగ్గర గుమిగూడి నవ్వుతున్నారు. మొక్క చూపించి పేరడిగితే ఆవిడ పేరు చెప్పేది. చిన్నకోడలు "నువ్వేమనుకుంటున్నావ్?" అని ఎదురడిగేది. ఆవిడకు ఒళ్ళు మండేది. తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే ఊరుకోవాలి, ఈ నాటకాలేంటి? ఇంట్లోనూ అంతే. చిన్నకోడలు ఏం వండినా అత్తగారు రెండోసారి వడ్డించుకునేది. తను వండిన రోజు అత్తగారు రెండోసారి వడ్డించుకుంటుందా లేదా అని ఆవిడ గరిట పట్టుకుని ఎదురుచూసేది. ఆ వయసులో, అంత చదువు చదివి, గరిట పట్టుకుని ఎదురుచూస్తున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది. అయినా చూసేది.

"మీ తమ్ముడి భార్య నవ్వితే ఊరంతా నవ్వాలేం?" అని ఒకసారి భర్తతో అంది.

"నువ్వు నవ్వినా నవ్వుతార్లే. నువ్వు నవ్వాలి కదా ముందు" అన్నాడాయన బూట్లు తుడుచుకుంటూ.

ఆ వాక్యాన్ని ఆవిడ చాలా రోజులు క్షమించలేదు.

అసలు దెబ్బ వసంతంలో తగిలింది. ఒక మధ్యాహ్నం చిన్నకోడలు రెండు కాగితాలు తెచ్చి ఆవిడ బల్ల మీద పక్కపక్కన పరిచింది. ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది.

"అక్కా, ఒక్క మాట అడగనా? పొట్టివన్నీ మంచు కరిగే రోజుల్లో కోసినవే. పొడుగువి మాత్రం చాలావరకు వానల్లో కోసినవి, కాయలతో ఉన్నాయి. పూత అయిపోయాక పొట్టిది ఏమవుతుందో ఎవరైనా కాచుకుని చూశారా?"

"ఏమవుతుంది? పొట్టిగానే ఉంటుంది."

"చూశారా మీరు?"

గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అదే ఆవిడకు మరీ కాలింది.

"వసంతంలో కూడా పొడుగువి పూస్తాయి. పొట్టివాటి పక్కనే. అది నేను కళ్ళారా చూసి రాశాను. నువ్వు పుట్టకముందు సంగతులన్నీ నీకు నేను అప్పజెప్పాలా?"

"అవి మంచు ముందుగా కరిగిన దిబ్బల మీదివేమో అక్కా. ముందు లేచినవి ముందు ఎదుగుతాయి కదా. గుంటలో మంచు ఆలస్యంగా పోతుంది, అక్కడివి అప్పుడే లేస్తుంటాయి. జానెడు దూరంలోనే ఉన్నా వాటి మధ్య వారాల తేడా ఉంటుంది." మెల్లగా అంది: "నాదే తప్పయితే మంచిదే. ఇంక మీ జాతి మీద ఎవరూ వేలెత్తి చూపలేరు."

ఆ వారమే చిన్నకోడలు అత్తగారి పాత స్వెట్టర్లు రెండు విప్పించి, ఆ ఊలుతో కనుమకు వెళ్ళింది. పొట్టి మొక్కల మొదట్లో ఎర్ర ఊలు, పొడుగు మొక్కల మొదట్లో నీలం ఊలు ముడివేసి వచ్చింది. ఆ రోజుల్లో ఆఫీసు మొత్తానికి కెమెరా ఒక్కటే, అది పెద్దసారు బీరువాలోంచి బయటికి వచ్చేది కాదు. కాబట్టి ఏ మొక్క ఏదో చెప్పేందుకు ఆ దారాలే ఆధారం. సంగతి వినగానే పెద్దసారు పొంగిపోయాడు. "భలే ఆలోచన! మనలో ఒక్కరికైనా తట్టిందా?" అన్నాడు అందరి ముందూ. ఆ 'మనలో' అన్న మాట దగ్గర ఆయన చూపు తన మీద ఆగినట్టు ఆవిడకు అనిపించింది. ఆగిందో లేదో ఎవరికీ తెలియదు.

వానలు మొదలయ్యాక ఆవిడ ఉండబట్టలేకపోయింది. ఒక సెలవు రోజు, పాత స్నేహితురాలిని చూసొస్తానని ఇంట్లో చెప్పి, భర్త బస్సు ఎక్కకుండా వేరే బస్సులో కనుమకు వెళ్ళింది. సన్నని జల్లు పడుతోంది. మేఘం నేల మీద పాకుతోంది. వాలు మీద మొదటి ఎర్ర దారం కనబడగానే మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దం తెరిచింది.

ఆకు బారుగా సాగింది. కాడ ఎత్తుగా లేచింది. ఆకు తిప్పి చూస్తే తెల్లపొడి పలచబడి, అంచున చుక్కలు చుక్కలుగా మిగిలింది, మిగతాది వానకు కడుక్కుపోయింది. పక్క మొక్క కూడా అంతే. ఆ పక్కదీ అంతే. ఎర్ర దారాలన్నీ ఆవిడ పొడుగు జాతి మెడలో ఉన్నట్టున్నాయి.

అప్పుడు ఆవిడకు తన మొక్క పోతోందని బాధ వేయలేదు. చిన్నకోడలు ఇవి చూసి నవ్వబోయే నవ్వు కళ్ళ ముందు ఆడింది. పెద్దసారు ఆమె భుజం తట్టడం, పిల్లలు కిటికీ దగ్గర గుమిగూడటం, అత్తగారు రెండోసారి వడ్డించుకోవడం, అన్నీ కలిసి ఒక్కసారి కడుపులో రగిలాయి. చేతిసంచీలోంచి చిన్న కత్తెర తీసింది. వంగి ఒక్కో దారమే కత్తిరించి, ఎరుపూ నీలమూ కలిపి కోటు జేబులో కుక్కుకుంది. ఒక్కటి కూడా మిగల్చలేదు. తిరిగొచ్చే బస్సులో జేబు మీది చెయ్యి తీయకుండా ముడుచుకు కూర్చుంటే, చలికనుకుని పక్కావిడ తన శాలువా కొస కప్పింది.

మర్నాడు ఉదయం అత్తగారు తడి కోటును పొయ్యి దగ్గర ఆరేయబోతూ జేబులు దులిపింది. ఊలు ముక్కలు కుప్పగా కింద పడ్డాయి. ఏళ్ళ తరబడి తను వేసుకున్న స్వెట్టర్ల ఊలు ఆమె గుర్తుపట్టకుండా ఉంటుందా? వంగి ఒక్కొక్కటే ఏరింది. తర్వాత పెద్దకోడలు ఉన్న గదికి వచ్చి, ఆవిడ అరచేయి తెరిచి, ఆ ముక్కలు అందులో పెట్టి, వేళ్ళు మూసింది.

"ఎక్కడివి అక్కడ పెట్టెయ్యమ్మా. నేనేం చూళ్ళేదు."

"అత్తయ్యా, అది..."

"నాకేం చెప్పకు. నా నోరు నీకు తెలుసుగా, ఆగదు."

ఆ రోజు ఆఫీసుకు సెలవు పెట్టి, ఈసారి భర్త బస్సులోనే ఎక్కింది. పైన టీ దుకాణం దగ్గర బస్సు కాసేపు ఆగుతుంది. ఆయన గ్లాసు పట్టుకుని వాలు మీదికి వచ్చేసరికి భార్య బురదలో కూర్చుని ఉంది. ఒక చేతిలో ఎర్ర ముక్క, ఒక చేతిలో నీలం ముక్క.

"ఏం వెతుకుతున్నావ్?"

"ఏది పొట్టిదో, ఏది పొడుగుదో."

"అది నీకు తెలియకపోవడమేంటి? పేరు పెట్టింది నువ్వేగా?"

ఆయన మామూలుగానే అన్నాడు. ఆవిడ ఒక మొక్క ముందు నుంచి ఇంకో మొక్క ముందుకు జరిగింది. ఆకు తిప్పింది, కాడ కొలిచింది, భూతద్దం తుడిచి మళ్ళీ పెట్టుకుంది. ఇది ఎరుపు అనుకుని ముడి వేయబోయేది, ఆ పక్కది చూసి ఆగిపోయేది. అన్నీ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నాయి. తను రెండుగా విడదీసి, లోకమంతటి చేతా ఒప్పించిన మొక్కలు తన ముందే ఉన్నాయి, దారం లేకుండా ఒక్కదాన్ని కూడా ఇది ఫలానా అని చెప్పలేకపోతోంది. కింద బస్సు హారన్ మోగింది. భర్త చెయ్యి అందించి లేపాడు. దారాలు ఆవిడ జేబులోనే దిగివచ్చాయి.

సాయంత్రం చిన్నకోడలు వంటింట్లో కూరగాయలు తరుగుతోంది. ఆవిడ వచ్చి ఊలు ముక్కలన్నీ పీట మీద పెట్టింది.

"నేనే కత్తిరించాను."

చిన్నకోడలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కత్తి పక్కన పెట్టింది.

"అన్నీనా?"

"అన్నీ. తిరిగి కడదామని ఇవాళ వెళ్ళాను. చేతకాలేదు. ఏది ఏదో నాకే తెలియలేదు."

"ఎందుకక్కా?"

"కడుపుమంట" అంది ఆవిడ. "ఇంకేం చెప్పను."

చిన్నకోడలు చేతులు కడుక్కుని మేడ మీదికి వెళ్ళిపోయింది. సగం తరిగిన కూరగాయలు ఆవిడే తరిగి వండింది. ఆ రోజు ఎవరూ రెండోసారి వడ్డించుకోలేదు.

మర్నాడు ఆఫీసులో పెద్దసారు పరిశీలన ఎంతవరకు వచ్చిందని అడిగినప్పుడు, "దారాలు పోయాయి సార్. వచ్చే ఏడు మళ్ళీ మొదలుపెడతాను" అని మాత్రం అంది చిన్నకోడలు. గోడ పక్క బల్ల దగ్గర ఆవిడ విన్నది. తన పేరు బయటపెట్టనందుకు ఊపిరి పీల్చుకుంది. ఆ వెంటనే, మంచితనంలో కూడా ఇది నాకంటే ఒక మెట్టు పైనే ఉందే అని కుతకుతలాడింది.

శిక్ష వేరే రూపంలో పడింది. ఆ రోజు నుంచి చిన్నకోడలు ఆవిణ్ణి అక్కా అనడం మానేసింది. ఆఫీసులోనే కాదు, ఇంట్లో కూడా "మేడమ్, ఉప్పు ఇటివ్వండి" అనేది. మరిది బిత్తరపోయి చూసేవాడు. అత్తగారు మాత్రం ఒకసారి, "మరి నన్నేమంటావే, డైరెక్టరుగారూ అంటావా?" అని నవ్వించబోయింది. ఎవరూ నవ్వలేదు. శీతాకాలమంతా అలాగే గడిచింది. ఒకే ఇంట్లోంచి బయల్దేరి రెండు గొడుగుల్లో వెళ్ళేవాళ్ళు.

మంచు కరిగే రోజులు వచ్చాక చిన్నకోడలు ఆవిడ బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. చేతిలో ఊలు లేదు. అంకెలు కొట్టిన రేకు బిళ్ళలు, వాటిని నేలలో దిగేయడానికి పొడుగాటి మేకులు ఉన్నాయి.

"ఈసారి మీరే పాతండి మేడమ్. మీరు పొట్టిదంటే పొట్టిది, పొడుగుదంటే పొడుగుది. నేను వేలు కూడా పెట్టను. రేపు నేను తప్పు మొక్కకి గుర్తు పెట్టానని ఎవరూ అనడానికి వీల్లేదు."

ఆవిడకు కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ ఆ ఆలోచనలో ఎక్కడా సందు లేదు. తనకెందుకు తట్టలేదా అని మళ్ళీ ఒకసారి అసూయ పడి, కోటు తొడుక్కుంది.

ఇద్దరూ కలిసి పైకి వెళ్ళారు. ఆవిడ ఒక్కో మొక్కనూ భూతద్దంతో చూసి, ఇది పొట్టిది, ఇది పొడుగుది అని బిగ్గరగా చెబుతూ తన చేత్తోనే మేకులు దిగేసింది. వానల్లో మళ్ళీ వెళ్ళారు. రేకు బిళ్ళల మీది బురద తుడుస్తుంటే, ఆవిడ పొట్టిదని చెప్పిన మొక్కల్లో ఒకటి రెండు చచ్చిపోయినవి పోగా, మిగిలినవన్నీ పొడుగైపోయి ఉన్నాయి. ఆవిడే అంది:

"ఒకటే. రెండు కాదు. వయసు తేడా అంతే. రాసుకో."

చిన్నకోడలు రాసుకోకుండా ఆవిడ వైపే చూసింది. "జల్లు ఎక్కువవుతోంది, లేవండి అక్కా" అంది. ఆ మాట నోరు జారి వచ్చిందో, కావాలనే అందో ఆవిడ అడగలేదు.

పత్రికకు వ్యాసం రాసేటప్పుడు ఇద్దరి పేర్లూ వేద్దామని చిన్నకోడలు అంటే ఆవిడ ఒప్పుకోలేదు. జాలి పడి ఇచ్చేది నాకొద్దు అంది. చివరికి వ్యాసంలో, ఈ మొక్కలను రెండు జాతులుగా విడదీసినవారే స్వయంగా వాటికి గుర్తులు పెట్టి, రెండూ ఒకటేనని తేల్చారు అని ఒక వాక్యం రాసింది చిన్నకోడలు. అచ్చులో చూశాక ఆవిడ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివింది. ఆ తర్వాత వ్యాసం పైనున్న పేరు చూసింది, చిన్నకోడలిది. కడుపులో మళ్ళీ అదే మంట. కాకపోతే ఈసారి దాని చేతికి కత్తెర ఇవ్వలేదు.

ఒక పని మిగిలింది. బీరువాల్లో పొడుగు జాతి పేరుతో ఉన్న ప్రతి కాగితం మీదా కొత్త చీటీ అంటించాలి. ఆ పేరు చెల్లదు, ఇది పాత జాతే, అని రాయాలి. శిక్షణ పిల్లలకు అప్పజెప్పండని పెద్దసారు అన్నాడు.

"అక్కర్లేదు సార్. నేను తెరిచిన అరలు, నేనే మూస్తాను" అంది ఆవిడ.

ఒక్కో కాగితం బయటికి తీసి, తన పడుచునాటి గుండ్రటి చేతిరాత పక్కన ఇప్పటి చేతిరాతతో చీటీ రాసి, జిగురు రాసి అంటించింది. కొన్ని కాగితాల దగ్గర ఆగిపోయేది. అది కోసిన రోజు ఎండ ఎలా ఉందో, ఆ వాలు మీద ఎంత సంబరపడిందో గుర్తొచ్చేది. చిన్నకోడలు కిటికీ పక్క బల్ల వదిలి వచ్చి, ఆవిడ పక్కన కూర్చుని జిగురు రాయడం మొదలుపెట్టింది. ఆవిడ వద్దనలేదు, థాంక్స్ కూడా చెప్పలేదు. "అంచులకి ఎక్కువైపోతోంది, పలచగా రాయి" అని మాత్రం కసిరింది.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇద్దరూ కలిసే కొండలెక్కారు. వాళ్ళ మధ్య అంతా చక్కబడిందని ఎవరైనా అంటే అత్తగారు మూతి విరిచేది. "చక్కబడటమా? పైనుంచి దిగేటప్పుడు ఒకసారి ఆ బస్సెక్కి చూడండి" అనేది. ఆ మాట నిజమే. రిటైరవ్వబోయే ముందటి వేసవిలో పై శిఖరం కింద, నీళ్ళు ఊరే రాతిపగులులో, పువ్వు గొంతు దగ్గర పసుపుచుక్క ఉన్న ప్రిమ్యులా ఒకటి దొరికింది. ముందు ఎవరు చూశారన్న దగ్గరే మొదలైంది పోట్లాట. ఆవిడ అది వేరే జాతి అంది. చిన్నకోడలు, మళ్ళీ మొదలుపెట్టకండి అక్కా, అది మామూలుదే, తడికి అలా మారింది అంది.

"ఇంకా విచ్చుకోని లేతాకు అంచు వెనక్కి చుట్టుకుని ఉంది, కనబడట్లేదా? మనదానికి లోపలికి చుట్టుకుంటుంది."

"ఒక్క మొక్కకే అలా ఉంది."

"ఒక్కదానికి ఉంటే ఉన్నట్టే!"

"క్రితంసారి కూడా ఇలాగే అన్నారు."

"ఆ మాట అంటావని తెలుసు నాకు. పొద్దున్నించీ ఆ మాట నాలుక చివర పెట్టుకునే తిరుగుతున్నావు."

మలుపు మలుపుకీ గొంతులు పెరుగుతుంటే ప్రయాణికులు చెవులు కొరుక్కుంటున్నారు. ఆవిడ భర్త అద్దంలోంచి ఒకసారి చూసి గేరు మార్చాడు. "ఆ పువ్వేదో ఇద్దరూ రేపు మళ్ళీ వెళ్ళి చూసుకోండి. ముందు కూర్చోండి, లోయ పక్కనే ఉంది" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మళ్ళీ వెళ్ళారు. తలా ఒక సంచీ నిండా రేకు బిళ్ళలు తీసుకుని.